వదిన పెట్టిన ఎర్రచుక్క

7వ తేదీ, సోమవారం

నిద్రలో మాట్లాడుతున్నానట. "ఎవరినో జరుగు జరుగు అని అరుస్తున్నావు, ఎవర్నయ్యా?" అని మా ఆవిడ అడిగింది. ఏమో, కలేదో వచ్చుంటుందన్నాను. కల కాదని నాకు తెలుసు. అందుకే ఈ పుస్తకం కొన్నాను. పగలే ఇందులో వాగేస్తే రాత్రిపూట నోరు ఊరుకుంటుందేమో చూడాలి.

జరిగింది ఇది. శనివారం మధ్యాహ్నం పెద్ద నీళ్ళ పైపు నా ఎక్స్‌కవేటర్‌కి వేలాడుతోంది. కాలవలో పైపు మేస్త్రి నిలబడి, ఇంకొంచెం, ఇంకొంచెం అని చెయ్యి ఊపుతున్నాడు. ఉన్నట్టుండి ఎర్రదీపం వెలిగింది, కుయ్యిమంది, ఇంజన్ చచ్చిపోయింది. ఎదురుగా తెర మీద 'ఆయిల్ ప్రెషర్ తక్కువ' అని అక్షరాలు. పైపు పడలేదు కానీ ఊగింది. మేస్త్రి మట్టిగోడకి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పైపు ఆయన చొక్కా గుండీలను రాసుకుంటూ వెళ్ళి వెనక్కి వచ్చింది.

ఆయన పైకెక్కి వచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

8వ తేదీ, మంగళవారం

మా మేనేజర్ని మేమంతా 'వెంటనేగారు' అంటాం. ఏ మాటైనా 'వెంటనే'తోనే మొదలుపెడతాడు. ఇవాళ నన్ను పిలిచి, "వెంటనే చెప్పు, ఆయిల్ చూసుకోకుండా నడిపావా?" అన్నాడు. నేనా? బండిని కన్నబిడ్డలా చూసుకునే మనిషిని. మిగతా ఆపరేటర్లు తాళం తీసి జేబులో వేసుకుని పోతారు. నేను వీలైన సాయంత్రమల్లా నీళ్ళ పైపు పెట్టి, ఇంజన్ గది మూల మూలలా కడిగి, తుడిచి కానీ కదలను. ఆ మాటే చెప్పాను. ఇంకోసారి ఆగితే సీటు దిగి నీళ్ళ ట్యాంకర్ తోలుకోమన్నాడు.

షెడ్డు మెకానిక్ వచ్చి ఆయిల్ ప్రెషర్ సెన్సార్ తీసేసి కొత్తది బిగించాడు. నెల కిందట ఒకటి మార్చాడు, ఇది రెండోది. ఇక ఆగదన్నాడు.

నాకేం భయం లేదు. సాయంత్రం బండి శుభ్రంగా కడిగి వచ్చాను.

9వ తేదీ, బుధవారం

పొద్దున్నే ఆగింది. పైపు లేదు, బకెట్‌లో మట్టి మాత్రమే. ఎవరూ చూడలేదు. మళ్ళీ స్టార్ట్ చేసి నోరు మూసుకుని నడిపాను. చూసి ఉంటే ట్యాంకరే.

10వ తేదీ, గురువారం

వదిన వచ్చింది. ఇక నిశ్చింత.

మా అన్న భార్య. మా కంపెనీ బండ్లన్నిటికీ కరెంటు పని చూసేది ఆమే. వేరే సైటుకి వెళ్ళి ఇవాళే తిరిగొచ్చింది. ఇంత పెద్ద బండ్ల గుట్టు చెప్పే మనిషి, ఇంట్లో బల్బు పోతే మాత్రం కుర్చీలోంచి లేవదు. "అది మీ అన్న శాఖ" అంటుంది. మా అన్న స్కూలు బస్సు నడిపి వచ్చి, అలిసిపోయిన ముఖంతో స్టూలెక్కి బల్బు మారుస్తాడు. ఆమె కింద నుంచి "ఎడమవైపు కాదండీ, కుడివైపు తిప్పాలి" అని సలహా ఇస్తుంది.

నా బండి దగ్గరకి వచ్చి తెర చూసింది. "సెన్సార్ మార్చారా?"

"రెండుసార్లు."

"పాపం సెన్సార్! తలనొప్పి అని చెప్పిన పాపానికి తలే మార్చేశారన్నమాట."

ముందు సెన్సార్ విప్పి, ఆ రంధ్రంలో ముల్లుండే గేజీ బిగించి ఇంజన్ స్టార్ట్ చేయమంది. ముల్లు ఎక్కడుండాలో అక్కడే ఉంది. "ఆయిల్ బాగానే ఉంది మరిదీ. సెన్సార్ కూడా కొత్తది. నిజం చెప్పేవాడు ఇక్కడున్నాడు, వినేవాడు నీ సీటు వెనక పెట్టెలో ఉన్నాడు. మధ్యలో మోసుకెళ్ళేవాడే మాట మార్చేస్తున్నాడు." వినేవాడంటే ఇంజన్ని ఆపే కంప్యూటరు, మధ్యలో మోసుకెళ్ళేవాడంటే తీగ. సెన్సార్‌కి మూడు తీగలు. ఒకటి కరెంటు తెస్తుంది, ఒకటి కబురు తీసుకెళుతుంది, ఇంకోటి నేల తీగ, ఎర్త్ అంటారే అది. అంతకంటే నా బుర్రకి అక్కర్లేదు అంది, నిజమే.

ఆమె పెట్టెలో మీటరూ, సూదులూ, వాటి మధ్య ఒక ఎర్ర గోళ్ళరంగు సీసా ఉంటాయి. గోళ్ళకి ఎప్పుడూ వేసుకోగా చూడలేదు. తీగలో కరెంటు ఉందో లేదో చూడాలంటే పైతొడుగులోంచి సూది గుచ్చి చూస్తుంది. చూశాక, ఆ సూది బెజ్జంలోకి తేమ పోకుండా గోళ్ళరంగు చుక్క పెట్టి మూసేస్తుంది. షెడ్డులో ఎవడికీ తట్టలేదు ఇది! మిగతావాళ్ళు గుచ్చి వదిలేసేవాళ్ళు. ఇప్పుడు అందరూ ఆమెని చూసి రంగు సీసాలు కొనుక్కున్నారు, దుకాణంలో సిగ్గుపడుతూ. ఎర్ర రంగు మటుకు వదినదే. ఏ తీగ మీదైనా ఎర్రచుక్క కనిపించిందంటే ఇది ఆమె చూసిన తీగ, ఇక చూడక్కర్లేదని లెక్క.

సెన్సార్ ప్లగ్గులో ఒక పిన్ను వదులుగా ఉంటే బిగించింది. "బాగైపోయిందా వదినా?" అన్నాను.

"ఏమో. దొరికిందైతే బిగించాను."

ఆ 'ఏమో' నాకు నచ్చలేదు. వైద్యం చేసేవాళ్ళు ఏమో అనకూడదు.

12వ తేదీ, శనివారం

ఆగలేదు! నిన్నా ఆగలేదు, ఇవాళా ఆగలేదు. పిన్నే అసలు దొంగ. వదిన చెయ్యి పడితే రాయైనా పలుకుతుంది.

కానీ పైపు మేస్త్రి నా బండి కిందకి రావడం లేదు. పైపుల పని మొత్తం అవతలి బండికి మార్పించుకున్నాడు. నాకు మట్టి ఎత్తే పని. మధ్యాహ్నం ఆయన పక్కనే కూర్చుని టీ తాగుతూ, "బండి బాగైంది మేస్త్రిగారూ" అన్నాను.

"సంతోషం తమ్ముడూ."

"మరి రావచ్చుగా?"

ఆయన గ్లాసులోకి చూస్తూ, "నీ మీద కోపం లేదు తమ్ముడూ. ఒట్టు. నేను దిగుదామనే అనుకుంటున్నాను, ఈ కాళ్ళే దిగనంటున్నాయి" అన్నాడు.

ట్యాంకర్ తోలుకోమన్నా ఇంత బాధ కలగలేదు. నా చేతి కింద ఆయన ఎన్ని పైపులు కలిపాడో! జాయింట్ దగ్గర తను వేలెడు జరపమంటే నేను వేలెడే జరుపుతానని నమ్మి, చేతులు మధ్యలో పెట్టేవాడు. ఆపరేటర్‌కి జీతం సీటు మీద కూర్చున్నందుకిస్తారు, మర్యాద మాత్రం కింద నిలబడ్డవాడిస్తాడు. అది పోయింది.

13వ తేదీ, ఆదివారం

సెలవే, అయినా వెళ్ళి బండి కడిగాను. తలకి రాసుకునే షాంపూతో. కాపలావాడు నవ్వాడు. నవ్వనీ.

14వ తేదీ, సోమవారం

ఆగింది. అందరి ముందూ.

తాళం ఇచ్చేశాను.

15వ తేదీ, మంగళవారం

బండిని షెడ్డులోకి లాక్కొచ్చారు. ట్యాంకర్ డ్రైవర్ సెలవులో ఉన్నాడు, వాడొచ్చేదాకా నన్ను వదినకి సాయం చేయమన్నారు. నెపం ఎవరి మీద పెట్టాలో వారం చివరికల్లా తేలాలని వెంటనేగారి ఉత్తర్వు. "పేరు కావాలి నాకు. ఒక్క పేరు" అన్నాడు. వదిన మరిది పక్షం మాట్లాడుతుందని షెడ్డులో గుసగుస. మెకానిక్ నా మొహాన్నే అన్నాడు, "ఇంకేం, తీర్పు ఇంట్లోనే ఉంది" అని.

వదిన తన పెట్టె తెరిచి మీటరు బయటికి తీసింది. ఇవాళ ఆమె పని చేస్తుంటే రోజంతా పక్కనే ఉండి చూశాను. ఇన్నేళ్ళూ పండగభోజనాల దగ్గరే కానీ ఇలా చూడలేదు. రాసి పెట్టుకోవాలి.

మీటరు పెట్టింది. ఐదు వోల్టులు ఉండాల్సిన చోట ఐదే చూపించింది. "చూశావా, ఐదే ఉంది. తీగ బాగానే ఉందన్నమాట" అన్నాను పెద్ద తెలిసినట్టు.

"తీగలో పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా మీటరు ఐదే చూపిస్తుంది. ఖాళీ చేతులతో నిలబడమంటే ఎవడైనా నిలబడతాడయ్యా. బస్తా ఎత్తించి చూడాలి."

మూడు తీగలనీ రెండు చివరలా విప్పేసింది. ఒక్కో తీగ గుండా బండి బ్యాటరీ కరెంటు పంపి, అవతలి చివర ఒక చిన్న బల్బు పెట్టింది. బల్బు పట్టుకునే ఉద్యోగం నాది. మొదటి తీగకి భగ్గున వెలిగింది. రెండోదానికీ అంతే. మూడోది, సెన్సార్‌కి కరెంటు తెచ్చే తీగ. దానికి బల్బు వెలిగీ వెలగనట్టు, జ్వరమొచ్చిన పిల్లాడి కన్నులా మిణుకుమంది.

నేను కేక పెట్టాను. ఆమె పెట్టలేదు. తల ఒక పక్కకి వంచి ఆ బల్బునే చూస్తూ ఉండిపోయింది. అంత శ్రద్ధగా ఎవరైనా నన్ను చూసి ఉంటే ఈపాటికి నేనెంతో బాగుపడేవాడిని. కోపం లేదు, తొందర లేదు, ఈసారికి పట్టేశానన్న గర్వం కూడా లేదు. ఆ తీగకి ఏమైందో తెలుసుకోవాలన్న కోరికొక్కటే ఉంది.

"ఈ తీగే. ఎక్కడో ఇంకా తెలీదు. రేపు చూద్దాం" అని చేతులు కడుక్కుంది.

మా వదిన మామూలు మనిషి కాదు. ఈ ముక్క మా అన్నకి చెబితే, "నాకు చెబుతున్నావా!" అన్నాడు.

16వ తేదీ, బుధవారం

ఎలా రాయాలో తెలియడం లేదు.

ఆ తీగ ఇంజన్ పక్కనుంచి నా సీటు వెనకదాకా నల్లటి ముడతల గొట్టంలో వెళుతుంది. అంత పొడుగునా చీల్చకుండా ఒక ఉపాయం చెప్పింది. నడిమధ్య సూది గుచ్చి, అక్కడ బల్బు పెట్టి చూస్తే తప్పు ఇవతలి సగంలో ఉందో అవతలి సగంలో ఉందో తెలుస్తుందట. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయడం. గొట్టం మీద చెయ్యి పెట్టి జరుపుకుంటూ వెళ్ళి, వంపు దగ్గర ఆగి, "గుచ్చడానికి ఇదే వీలైన చోటు" అంది. గొట్టం విప్పింది.

సరిగ్గా అక్కడే ఎర్రచుక్క ఉంది.

ఆమె ముందుకి వంగి చూసింది. తర్వాత గోటితో చుక్కని గీకింది. ఇంజన్ వేడికి రంగు పగిలి, పెళుసుగా రాలిపోయింది. బ్లేడుతో తొడుగు చీల్చింది. లోపల రాగి ఎర్రగా లేదు. పచ్చగా, పిండిలా ఉంది. వేలితో తాకితే పొడి రాలింది.

"పోయినేడు వేరే తప్పు వెతుకుతూ ఇక్కడ గుచ్చాను" అంది మెల్లగా. "మూశాననుకున్నాను. ఈ రంగు వేడికి పగులుతుంది. పగుల్లోంచి నీళ్ళు లోపలికి పోయాయి, బయటికి రాలేదు. మూయకుండా వదిలేసి ఉంటే గాలైనా తగిలి ఆరేది."

చుట్టుపక్కల ఎవరూ లేరు. మెకానిక్ అవతలి గదిలో ఉన్నాడు. నాకు వెంటనే తోచింది అనేశాను. "వదినా, ఎలక కొరికిందని చెప్పేద్దాం. షెడ్డు నిండా ఎలకలే. ఆ ముక్క కత్తిరించి పారేస్తే ఎవడికీ తెలీదు."

నా సీటు నాకొస్తుంది, ఆమె పేరు ఆమెకుంటుంది. ఎలకకి పోయేదేముంది? ఇందులో తప్పేమిటో ఇప్పటికీ నాకు తెలియడం లేదు.

ఆమె నా వంక చూసింది. తిట్టలేదు. "ఆ పక్కనున్న లోడర్ బండి గొట్టం కూడా విప్పు. దాంట్లోనూ నా చుక్క ఉంటుంది" అంది. విప్పాను. ఆ చుక్క కింద కూడా రాగి పచ్చబడడం మొదలైంది. బండి ఇంకా ఆగలేదు, అంతే.

ముక్క కత్తిరించి జేబులో వేసుకుంది.

17వ తేదీ, గురువారం

పొద్దున షెడ్డులో అందరూ ఉన్నారు. వెంటనేగారు, మెకానిక్, ఆపరేటర్లు. పైపు మేస్త్రి కూడా ఏదో సామాను కోసం వచ్చి గుమ్మంలో ఆగాడు. వదిన బల్ల మీద ఆ తీగముక్క పెట్టింది.

"నీళ్ళు పోయి రాగి పాడైంది సార్. బండి వేడెక్కి అదిరినప్పుడల్లా కరెంటు తగ్గి, ఆయిల్ లేదని పెట్టెకి తప్పుడు కబురు వెళ్ళేది."

వెంటనేగారికి కళ్ళు మెరిశాయి. "నీళ్ళా? వెంటనే చెప్పండి, ఈ బండికి నీళ్ళెవరు కొడతారు?" అందరూ నా వైపు తిరిగారు. మంగళవారం కడిగితే బుధవారం ఆగడం, ఆదివారం కడిగితే సోమవారం ఆగడం, అన్నీ అప్పుడు వెలిగాయి నా బుర్రలో. ఆ షాంపూ కూడా. "అయితే ఇతనేగా! దొరికింది పేరు."

వదినకి ఇంకేం కావాలి? ఆమె పలకక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఎర్రచుక్క రాలిపోయింది కూడా.

ఊరుకోలేదు.

"కడగడం తప్పు కాదు సార్. వాన పడినా తడుస్తుంది బండి. తడిసినా తీగ లోపలికి నీళ్ళు పోకూడదు. పోయేలా బెజ్జం పెట్టింది నేను. దాన్ని పనికిరాని రంగుతో మూసిందీ నేనే. పేరు కావాలన్నారుగా, నా పేరు రాసుకోండి."

ఆమె ఆగలేదు. "నా చుక్కలు అన్ని బండ్లకీ ఉన్నాయి. లోడర్‌లో అప్పుడే మొదలైంది. ఒక్కొక్కటీ విప్పి, తీగ కోసి, వేడికి బిగుసుకునే తొడుగు వేసి అతకాలి. అది అయ్యేదాకా ఏ బండీ మనుషుల మీద బరువు ఎత్తకూడదు."

వెంటనేగారు తీగముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆఖరికి, "ఇకనుంచి మీరు చేసిన ప్రతి పనీ ఇంకొకరు సరిచూడాలి" అన్నాడు. అంతమంది ముందు, అంత అనుభవం ఉన్న మనిషితో. నాకు చెంప దెబ్బ తగిలినట్టయింది.

"మంచిదే సార్" అంది వదిన. "ఎర్రచుక్క ఉంటే చూడక్కర్లేదని అందరూ వదిలేయబట్టే కదా ఇంతదూరం వచ్చింది."

నేను 'ఎలక' అన్నాను. ఆమె 'నేను' అంది. పుస్తకంలో ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే పెట్టి చూసుకుంటున్నాను.

18వ తేదీ, శుక్రవారం

బండ్లన్నీ వరసగా నిలబెట్టి గొట్టాలు విప్పుతున్నాం. మధ్యాహ్నానికి మెకానిక్ వచ్చి పక్కన నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "అక్కా, గులాబీ రంగువి నావి" అన్నాడు. కాసేపటికి ఇంకొకడు వచ్చి నీలం రంగువి తనవన్నాడు. వదిన నవ్వింది, "రండి రండి, అందరం ముస్తాబు చెరిపేసుకుందాం" అని. ఈ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు.

ఇంట్లో మాత్రం నవ్వడం లేదట. అన్నం కంచం ముందు కూర్చుని చేత్తో కెలుకుతోందని అన్న చెప్పాడు. "ఏమన్నా మాట్లాడు రా" అన్నాడు. ఏం మాట్లాడను? గొప్పదానివి అంటే తిడుతుంది.

19వ తేదీ, శనివారం

అతుకులు అయ్యాయి, నా బండివి. ప్రతి అతుకూ మెకానిక్ సరిచూశాడు. అతను చూస్తున్నంతసేపూ వదిన చేతులు కట్టుకుని పక్కన నిలబడింది, పరీక్ష రాసిన పిల్లలా. బల్బు పెట్టారు. భగ్గున వెలిగింది.

21వ తేదీ, సోమవారం

తాళం తిరిగి ఇచ్చారు. పైపులు దించాల్సిన చోటుకే పంపారు, అవతలి బండిని ఇంకా విప్పి చూడలేదు కాబట్టి. పొద్దుటి నుంచి ఖాళీగా బకెట్ ఎత్తి దించుతూ కూర్చున్నాను. మేస్త్రి కాలవ గట్టు మీద నిలబడి అది చూస్తున్నాడు. నేను పిలవలేదు. ఆయన కాళ్ళు ఆయనవి.

చాలాసేపటికి నడిచి వచ్చి నా తలుపు కొట్టాడు. "తీగ ఎవరు అతికారు తమ్ముడూ? గురువారం బల్ల దగ్గర మాట్లాడిన ఆవిడేనా?"

"ఆవిడే. మా వదిన."

"ఆవిడ చేతులతోనే అతికిందా? ఇంకెవరికైనా అప్పగించారా?"

"ఆవిడే అతికింది. మెకానిక్ సరిచూశాడు."

"ఆయన చూశాడో లేదో నాకక్కర్లేదు" అన్నాడు మేస్త్రి. "ఆవిడ అతికిందంటే దిగుతాను."

నిచ్చెన దించుకున్నాడు. ఒక్కో మెట్టూ దిగి, మట్టిలో నిలబడి, తలెత్తి చెయ్యి ఊపాడు. నాకు కళ్ళు మసకబారాయి. చొక్కాతో తుడుచుకుని, పైపు ఎత్తాను. మెల్లగా దించాను. జాయింట్ దగ్గర ఆయన చేతులు పెట్టాడు, వేలెడు జరపమన్నాడు, వేలెడే జరిపాను. మధ్యాహ్నందాకా బండి ఆగలేదు.

భోజనం వేళకి వదినకి ఫోన్ చేశాను. షెడ్డులో ఏదో ఇంజన్ రొద. మేస్త్రి దిగాడని చెప్పాను. ఏమన్నాడో అడిగింది. ఆయన అన్న మాట అన్నట్టే చెప్పాను.

వెనక ఇంజన్ ఎవరో కట్టేశారు. షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది, ఆమె ఊపిరి కూడా వినిపిస్తోంది.

"సరిగ్గా వినపడలేదు మరిదీ, మళ్ళీ చెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను.